పల్లెపాటల ఆల్బము: పాడినవారి పేరెక్కడ?

పల్లెపాటకు నేడు కరవు లేదు. పెండ్లిపందిళ్లలో, తీర్థములలో, పాఠశాలల వార్షికోత్సవములలో, చలనచిత్రములలో, తుదకు అరచేతిలోని ఫోనులో గూడ జానపదగీతము మ్రోగుచునే యున్నది. జానపదగీతముల ఆల్బములు ఎడతెగక వెలువడుచున్నవి. ఒకనాడు పామరుల పాటలని పండితులు త్రోసిపుచ్చిన వానికి ఇంతటి ఆదరము లభించుట తెలుగువారందరు సంతోషింపదగిన విషయమే. అయినను ఈ ఆల్బములలో సంగీతము కూర్చినవారి పేరు, పాడిన గాయకుల పేరు, పెట్టుబడి పెట్టిన నిర్మాత పేరు కనబడునుగాని, ఆ పాట ఏ యూరిదో, ఎవరి నోట విని తెచ్చినదో తెలుపు ఒక్క వాక్యము చాలమట్టునకు కనబడదు. ఈ లోపము చిన్నది కాదనియు, దీనిని దిద్దుట అసాధ్యము కాదనియు, ఆ పనికి మన పాఠశాలలే తగిన తావులనియు మనవిచేయుటకే ఈ వ్యాసము.

ఆల్బమను మాటకే ఒక చరిత్ర కలదు. గ్రామఫోను తొలిరోజులలో రికార్డుకు ఒక ప్రక్క ఇమిడెడి పాట ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే. నిమిషమునకు 78 సార్లు తిరుగు ఆ రికార్డులను కొన్నింటిని చేర్చి, ఛాయాచిత్రములు అంటించుకొను పుస్తకమువంటి అట్టలో భద్రపరచి అమ్మెడివారు. ఆ పుస్తకమును బట్టియే ఆల్బమను పేరు నిలిచినది. 1948లో అమెరికాలో ఎక్కువసేపు మ్రోగు పెద్ద రికార్డు వచ్చినది. ఆ పిదప క్యాసెట్టు వచ్చినది, సీడీ వచ్చినది, నేడు ఏ వస్తువును లేకయే పాట వినబడుచున్నది. వస్తువులు మారినను మూడు నాలుగు నిమిషముల కొలత మాత్రము మారలేదు. యంత్రము విధించిన నిర్బంధము శ్రోతకు అలవాటై, అలవాటు అభిరుచియైనది.

పల్లెపాట ఆ కొలతకు పుట్టినది కాదు. దాని కొలత పని. గోదావరి మండలములలో ఊడ్పుల నాడు ఆడువారు వరుసగా నిలిచి, వంగి, ఆకు నాటుచు వెనుకకు అడుగు వేయుదురు. ఒకరు పాట ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. నాటు పడిన చోట దెబ్బ పడును, అడుగు వెనుకకు పడిన చోట పాట తిరుగును. మడి ముగియువరకు పాట ముగియదు. ముగియవలసి వచ్చిన యెడల పాడువారు చరణములను కుదింతురు, మడి పెద్దదైన యెడల కొత్త చరణములు అల్లుదురు. దంపుళ్లపాటకు రోకటిపోటు తాళము, తిరగలిపాటకు తిరగలి తిరుగుడే లయ. పడవవాని పాటకు ఊపిరి గెడ నుండి వచ్చును. పనిని తీసివేసి పాటను మాత్రమే స్టూడియోకు గొనిపోయినప్పుడు లయకు ఆధారము పోవును. ఆ ఖాళీని డోలుతోను, కీబోర్డుతోను నింపవలసి వచ్చును. నింపినది మధురముగా ఉండవచ్చును, కాని అది వేరొక పాట.

కోనసీమలోని అప్పనపల్లిని తీసికొందము. వైనతేయ నదీతీరమున బాలబాలాజీ క్షేత్రముగా ఆ యూరు పేరుగాంచినది. నది ఉన్నది గనుక రేవులు, పడవలు, సరంగులు ఉండిరి. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మాణమైన పిదప, గన్నవరము అక్విడక్టు మీదుగా గోదావరి నీరు వైనతేయను దాటి నగరము లంకకు ప్రవహించినది. నీరు వచ్చిన చోట ఊడ్పులు, కోతలు, నూర్పులు విస్తరించినవి. కొబ్బరితోటలలో దింపు, వలుపు, పీచు పని పెరిగినవి. పని పెరిగిన చోట పాట పెరుగుట సహజము. సంక్రాంతికి హరిదాసులు, గంగిరెద్దులవారు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థము, జాతరలలో గరగలు, పెండ్లిండ్లలో నలుగుపాటలు, అప్పగింతలు, వియ్యాలవారి మీద ఎకసెక్కపు పాటలు, అట్లతద్ది నాటి ఆడపిల్లల పాటలు ఈ సీమ సొత్తు. ఇన్ని పాటలకు ఇన్ని సందర్భములు కలవు. సందర్భము తెలియనివానికి పాటలో సగము అర్థము కాదు. వియ్యపురాలిని వెక్కిరించు పాటను పెండ్లిపందిరి నుండి వేరుచేసి వేదిక మీద పాడిన యెడల అది తిట్టువలె తోచును. పందిటిలో అదే పాట చుట్టరికమునకు మొదటి మెట్టు.

మూడు నిమిషముల కొలతవలన కలిగిన మరియొక నష్టము దీర్ఘగేయములది. ఊర్మిళాదేవి నిద్ర, కుశలవుల కథ, శాంతకల్యాణము వంటి స్త్రీల రామాయణగేయములు గంటలకొలది సాగునవి. వాల్మీకి చెప్పని ఊర్మిళ మనస్సు, పుట్టినింటి పట్టుదలలు, అత్తవారింటి మర్యాదలు ఆ పాటలలోనే కలవు. ఆచార్య వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన ఒక ఆంగ్లవ్యాసమున ఈ స్త్రీల రామాయణగేయములను ప్రత్యేకముగా పరిశీలించి, అవి పురుషుల రామాయణమునకు భిన్నమైన దృష్టి గలవని నిరూపించిరి. బ్రాహ్మణ గృహములలోని స్త్రీలు పాడుకొను పాటలకును, పొలములలో శ్రమించు స్త్రీలు పాడుకొను పాటలకును దృష్టిలో భేదము కలదనిగూడ వారు చూపిరి. ఒకే కథ ఇంటింటికి, వాడవాడకు మారుచుండగా, ఒక పాఠమును మాత్రమే ఎన్నుకొని, దానిలోను రెండు చరణములు మాత్రమే ఉంచి, ఇదియే తెలుగు జానపదమని ఆల్బమున చేర్చిన యెడల, తక్కిన వాడలవారి నోరు మూసినట్లే యగును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి రికార్డులు చేసినవారిని నిందించుచున్నానని పాఠకులు తలంపరాదు. వారి ఋణము గొప్పది. కాకినాడలో 1920లో జన్మించిన వింజమూరి అనసూయాదేవిగారును, ఆమె సోదరి సీతాదేవిగారును జానపదగీతమును సభావేదిక మీదికి, గ్రామఫోను రికార్డులోనికి, ఆకాశవాణిలోనికి తెచ్చినవారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి భావగీతములతోపాటు పల్లెపాటకును సమానమైన పీట వేసినవారు. పెద్దింటి ఆడువారు బహిరంగసభలో పాడుటయే సాహసముగా నున్న రోజులలో, కూలివారి పాటను శ్రుతిశుద్ధముగా పాడి మెప్పించుట సామాన్యవిషయము కాదు. అనసూయాదేవిగారు పాటలను స్వరపరచి గ్రంథరూపమున గూడ అందించిరి. సీతాదేవిగారు 1980లో విడుదలయైన మా భూమి చిత్రమునకు సంగీతము సమకూర్చిరి. సీతాదేవిగారు 2016లోను, అనసూయాదేవిగారు 2019లోను స్వర్గస్థులైరి. అనసూయాదేవిగారి కడపటి ఘడియలు గడచినది అమెరికాలోని హ్యూస్టను నగరమున. గోదావరి సీమ పాట అంతదూరము ప్రయాణము చేసినదన్న మాట. వారే లేకున్నచో ఆ పాటలు మన చెవిని పడియుండెడివియే కావు.

అయినను ఆ రికార్డుల చరిత్రయే మనకొక పాఠము నేర్పుచున్నది. ఆ సోదరీమణులు ప్రచారములోనికి తెచ్చిన పాటలలో మొక్కజొన్న తోటలో అను పాట ఒకటి. దానిని జానపదుల పాట యనియే నేటికిని అనేకులు తలంచుచున్నారు. దానిని వ్రాసినది కొనకళ్ల వెంకటరత్నముగారను కవి. బంగారిమామ పాటలు వ్రాసినది వారే. పల్లెపలుకులో కవి వ్రాసిన పాట ప్రజల నోట నిలుచుట కవికి కీర్తియే. కాని పేరు వ్రాసికొనకపోవుటవలన ఎంత సులభముగా కర్త మరుగున పడునో చూడుడు. అక్షరాస్యుడైన కవి, అచ్చుపుస్తకము గల కవి, ఆయనకే ఇట్లయినప్పుడు, నాటుచేలో చరణమును కట్టిన నిరక్షరాస్యురాలి గతి ఏమి?

పాట యందరిది, దానికి పేరెందుకని కొందరు ప్రశ్నింతురు. ఈ వాదము విను టకు ఉదారముగా నుండును గాని, అందరిదైన పాట ఆచరణలో ఒకరిదగుట లోకమున అనేకపర్యాయములు జరిగినది. అమెరికాలో పల్లెసంగీతపు వ్యాపారమునకు నాందిగా చెప్పుకొనునది 1927 జూలై, ఆగస్టు నెలలలో బ్రిస్టల్ పట్టణమున జరిగిన రికార్డింగు. విక్టర్ కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్ అను నాయన యంత్రములతో వచ్చి, కొండపల్లెలవారిని పిలిపించి పాడించెను. కార్టరు కుటుంబమువారు వెలుగులోనికి వచ్చినది అక్కడనే. ఆ కుటుంబపు పెద్ద ఏ. పి. కార్టరు పిమ్మట ఊరూర తిరిగి పాటలు సేకరించెను. వెంట లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు నడచెను. కార్టరు మాటలు వ్రాసికొనగా, రిడిల్ వరుసలను మనస్సున నిలుపుకొనెడివాడు. ఇట్లు కూర్చిన పాటలనేకములు కార్టరు పేరిట నమోదైనవి. రిడిల్ పేరు ఆ రికార్డుల మీదికి ఎక్కలేదు. పాటలు చెప్పిన కొండవాసుల మాట సరేసరి. కార్టరు కుటుంబము లేకున్న ఆ పాటలు నశించియుండెడివనుట నిజమే. మేలుచేసిన చేతిలోనే అన్యాయమును ఇమిడియుండవచ్చుననుటకు ఇది నిదర్శనము.

మన రాష్ట్రములలోనే 2021లో లవ్ స్టోరీ చిత్రములోని సారంగదరియా పాట వెలువడినప్పుడు, ఆ జానపదగీతమును మొదట సేకరించి వేదికపై పాడినవారికి దక్కవలసిన గుర్తింపును గూర్చి పెద్ద చర్చ సాగినది. ఆ చర్చలోని వ్యక్తుల న్యాయాన్యాయములు ఇచట నాకు ప్రస్తుతము కావు. సేకరణ జరిగిన నాడే ఎవరు చెప్పిరి, ఎవరు వ్రాసికొనిరి, ఎక్కడ, ఎప్పుడు అను నాలుగు ముక్కలు నమోదైయున్నచో ఇట్టి వివాదములు చాలవరకు తలయెత్తవని మాత్రము చెప్పగలను. అదే సంవత్సరము మరియొక చిత్రమున పన్నెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యగారి గళమును ఆయన పేరితోనే వినిపించిరి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. పేరు చెప్పుటవలన పాట విలువ తగ్గలేదు, పెరిగినది.

చట్టము గూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు దానిని నిర్మించినవారిది. ప్రకటించిన మరుసటి సంవత్సరము మొదలు అరువది యేండ్లు ఆ హక్కు నిలుచును. కర్త తెలియని పాత పల్లెపాటకు అట్టి రక్షణ లేదు. కావున పాట ఎవరిదియు కాకయే యుండును, ముద్రణ మాత్రము ఒకరిదై పోవును. ఈ అసమత్వమును కొంత సవరించుటకు 1994లో ప్రదర్శకుల హక్కులు చట్టములో చేర్పబడినవి. 2012 సవరణతో తన ప్రదర్శనకు తన పేరు చెప్పవలెనని కోరు హక్కు పాడినవారికి స్పష్టముగా సంక్రమించినది. పొలములో పాడిన ముసలమ్మయు చట్టము దృష్టిలో ప్రదర్శకురాలే. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసిన మనము చెప్పకుండుట ధర్మము కాదు.

ఇక రెండవ ఆక్షేపణ. ఉన్నది ఉన్నట్లు రికార్డు చేసిన యెడల ఎవరు విందురు? గొంతు వణకును, కోడి కూయును, మధ్యలో దగ్గు వచ్చును, పాట గంటసేపు సాగును. శ్రోత రుచికి తగినట్లు తీర్చిదిద్దనిచో పాట పెట్టెలోనే పడియుండునని ఆల్బముల నిర్మాతలందురు. ఈ మాటలో సత్యము కలదు. దీనికి సమాధానమును 1906లోనే హంగరీ దేశమున బేలా బార్టోక్, జోల్తాన్ కొడాయ్ అను ఇరువురు సంగీతవిద్వాంసులు చూపిరి. వారు తమ దేశపు పల్లెపాటలను ఇరువదింటిని పియానో సహకారముతో ప్రకటించుచు, ప్రజలకు రుచి కల్పించుటకు అలంకరించి యిచ్చు సంపుటము వేరు, ఒక్క పాటయు విడువక యథాతథముగా కూర్చు సంపుటము వేరు అని ఉపోద్ఘాతముననే స్పష్టపరచిరి. పిమ్మట మైనపు గొట్టములపై ధ్వని నెక్కించు యంత్రమును మోసికొని పల్లెపల్లె తిరిగి ఆ రెండవ పనిని సాగించిరి. బార్టోక్ స్వయముగా మహాస్వరకర్త. పల్లెపాటను తన రచనలలో యథేచ్ఛగా వాడుకొనెను. కాని సేకరణను తన ఇష్టమునకు దిద్దలేదు. మనకును ఈ రెండును కావలెను. అలంకరించిన ఆల్బము వలదనుట లేదు. మూలము భద్రపరుపకుండ అలంకరణ చేయరాదనుటయే నా మాట.

మనవారిలోను మూలమును భద్రపరచినవారు లేకపోలేదు. రాజమహేంద్రవర ప్రాంతమున నేదునూరి గంగాధరముగారు జీవితమంతయు తిరిగి సేకరించి మిన్నేరు, సెలయేరు వంటి సంపుటములు వెలువరించిరి. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపదగేయసాహిత్యము 1958లో ప్రకటితమై విశ్వవిద్యాలయములలో ఈ విద్యకు పునాది వేసినది. కాని వారి కృషిలో అధికభాగము కాగితము మీది మాట. కాగితమునకు వరుస ఎక్కదు, ఊపిరి ఎక్కదు. వారికి లేని సాధనము నేడు ప్రతి విద్యార్థి చేతిలోను కలదు.

పని పోయిన పిదప పాట ఎందుకని మూడవ ఆక్షేపణ. ఊడ్పులకు యంత్రములు వచ్చుచున్నవి, రేవుల మీద వంతెనలు వెలసినవి, రోలు మూలబడినది, ఇక పాటను పట్టుకొని ప్రాకులాడుట వృథా యని కొందరి అభిప్రాయము. నేను తెలుగు బోధించువాడను గనుక నాకు తోచు సమాధానము భాషకు సంబంధించినది. ఆకుమడి, దమ్ము, ఊడ్పు, కళ్లము, సార్వా, దాళ్వా, గెడ, చుక్కాని వంటి మాటలు కోనసీమ పిల్లలలోనే కొందరికి అర్థము చెప్పవలసి వచ్చుచున్నది. నిఘంటువు ఆ మాటకు అర్థము చెప్పును గాని, ఏ స్వరములో, ఏ మాట ప్రక్కన, ఏ కష్టసుఖములతో అది పలుకబడెనో చెప్పదు. పాట చెప్పును. పని నశించుట మనచేతిలో లేదు, నడుము విరుగు పని తగ్గుటకు విచారింపవలసినదియు లేదు. ఆ పనిచేసినవారు ఆలోచించిన రీతి నశింపకుండుట మాత్రము మన చేతిలో నున్నది.

ఒక జానపదగీతముల పోటీకి నేను న్యాయనిర్ణేతగా నుంటిని. ఒక బాలిక చక్కని కంఠముతో పాడినది. ఆ పాటను ఎక్కడ నేర్చితివని అడుగగా ఫోనులో విని నేర్చితినని చెప్పినది. మీ యింట ఎవరైనను పాడుదురా యని అడిగితిని. మా నాయనమ్మ ఊడ్పులకు పోయినప్పుడు పాడెడిదట, నేనెన్నడు అడుగలేదని చెప్పి తలవంచుకొన్నది. ఆ బిడ్డ తప్పేమియు లేదు. అడుగుమని ఆమెకు మనమెవ్వరమును చెప్పలేదు. బహుమతి ఇచ్చుట నేర్చితిమి గాని, పాట ఇంటిలోనే కలదని చూపుట నేర్వలేదు.

కావున ఉపాధ్యాయ సోదరసోదరీమణులకు ఒక విన్నపము. ప్రతి పాఠశాలయు సంవత్సరమునకు ఒక పల్లెపాటల ఆల్బమును సిద్ధము చేయవచ్చును. దీనికి స్టూడియో అక్కరలేదు, ధనము అక్కరలేదు. కొన్ని నియమములు మాత్రము కావలెను. పాడువారి అనుమతి ముందుగా అడుగవలెను, దేనికొరకో విప్పి చెప్పవలెను. మొదటినాడు ఫోను తీయక ఊరక కూర్చుండి వినవలెను. రెండవనాడు వారికి తీరికయైన వేళ, వీలైన యెడల పని జరుగు చోటనే, మొదటినుండి తుదివరకు కత్తిరింపక ముద్రింపవలెను. వంత పాడువారిని గూడ పిలువవలెను. పాడినవారి పేరు, వయస్సు, ఊరు, ఎవరివద్ద నేర్చినది, ఏ పనిలో, ఏ పండుగలో పాడెడిది అను వివరములను ఆ గొంతుతోనే చెప్పించి పాట ముందర చేర్పవలెను. పేరు వలదని వారు కోరిన యెడల ఆ కోరికను మన్నింపవలెను.

పాటను వ్రాసికొనునప్పుడు మన వ్యాకరణమును దానిపై రుద్దరాదు. ఆమె ఎట్లు పలికినది అట్లే వ్రాయవలెను. యతి కుదరలేదని సవరించుట, మోటుమాటను మార్చుట, కులమును గూర్చియో స్త్రీని గూర్చియో నేడు మనకు రుచింపని మాట వచ్చినదని తొలగించుట తగదు. ఆ మాటను గూర్చి తరగతిలో చర్చింపవచ్చును, సేకరణలో దాచరాదు. ఒకే పాటకు రెండు వాడలలో రెండు పాఠములు దొరకిన యెడల రెండును ఉంచవలెను. ఏది సరియైనదని తేల్చుట మన పని కాదు.

పాట ముద్రించిన పిదప మొదటి ప్రతి పాడినవారి ఇంటికి చేరవలెను. ఈ నియమమును తక్కినవానికంటె ముఖ్యముగా నేను భావించుచున్నాను. మనుమలకు తన గొంతు వినిపించుకొనగల అవకాశము ఆ ముసలమ్మకు కలుగవలెను. రెండవ ప్రతి పాఠశాల గ్రంథాలయమున, మూడవ ప్రతి దీర్ఘకాలము కాపాడగల సంస్థయందు ఉండవలెను. 1982లో అమెరికన్ భారతీయ అధ్యయన సంస్థవారు స్థాపించిన సంగీత భాండాగారము గుడగావ్‌లో కలదు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము వరంగల్లున జానపద గిరిజన విజ్ఞానమునకు ప్రత్యేకముగా ఒక పీఠము నెలకొల్పినది. ఫోను పాడగును, మారును, పోవును. అందులోని పాటను అందులోనే వదలివేయుట గాలికి వదలుటయే యగును.

ఇట్లు మూలము నిలిచిన తరువాత ఎవరేని దానిని వాద్యములతో అలంకరించి ఆల్బముగా వెలువరించినను, చిత్రమున పొందుపరచినను నాకు అభ్యంతరము లేదు. అప్పుడు పాడినవారి పేరు అట్టమీద ఉండును, వచ్చిన ప్రతిఫలములో వారికి వాటా అడుగుటకు ఆధారముండును. అలంకరణ ఎంతవరకు, మూలమెంతవరకు అని విద్యార్థి పోల్చి చూచుకొనగలుగును. సారస్వతమును బోధించు మనకు అంతకంటె మంచి పాఠ్యగ్రంథము దొరకదు.

రాబోవు సార్వా ఊడ్పులనాటికి కోనసీమలోని పది పాఠశాలలు ఈ పని చేపట్టినను చాలును. నాయనమ్మలు, అమ్మమ్మలు ఇంకను మన మధ్య నున్నారు. వారి కంఠములు సన్నగిలినవి, కొన్ని చరణములు జారిపోయినవి, అయినను అడిగిన యెడల జ్ఞప్తికి తెచ్చుకొని పాడుదురు. పిల్లలను వారివద్దకు పంపు బాధ్యత మనది.